అప్‌డేట్: మా వాడి ఐక్యూ 108 నుంచి 102కి పడిందని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే, కావలి నుంచి. ఏడాది తేడాతో ఒకే ఐక్యూ పరీక్ష రెండుసార్లు పెట్టిస్తే 108 కాస్తా 102 అయింది, వాడి తెలివి తగ్గిందా అని. మీలో ఒకరు చెప్పినట్టే రిపోర్టు చివరి పేజీ తీసి చూశాను. విశ్వసనీయత (మళ్ళీ పెట్టినా స్కోరు ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకె, 1 అయితే దోషమే లేనట్టు) 0.91 అని ఉంది. 1లోంచి అది తీసేస్తే 0.09, దాని వర్గమూలం 0.3, ఐక్యూ స్కోర్ల ప్రామాణిక విచలనం (అందరి స్కోర్లూ సగటుకి మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే అంకె) 15తో గుణిస్తే 4.5. కొలతలో దోషం అంత, అదీ ఒక్క స్కోరుకే. రెండు స్కోర్ల తేడా చూసేటప్పుడు రెండింటి దోషమూ కలుస్తుంది కాబట్టి దాన్ని మళ్ళీ రూట్ 2తో గుణించాలి, దాదాపు 6.4 వచ్చింది. మా వాడి తేడా 6, అంటే ఆ దోషం లోపలే! దీనికా నేను టెన్షన్‌తో ఒంగోలు దాకా బస్సులో పోయి ఇంకో డాక్టర్ని కలిసింది. రెండోసారి వాడు జ్వరంతో కూర్చున్నాడని మా అత్తయ్య మొదట్నుంచీ అంటూనే ఉన్నారు. మూడోసారి పెట్టించడం లేదు.