జాంబియా బాండ్-బి: రుణదాతల మధ్య సమానత్వం లెక్కలో ఎక్కువ చెల్లింపుల దారిని ఎలా చేర్చాలి?

2024 జూన్‌లో ముగిసిన జాంబియా యూరోబాండ్ల (విదేశీ మదుపర్లకు అమ్మిన డాలరు బాండ్ల) మార్పిడిలో రుణదాతలందరూ సమానంగా వదులుకున్నారా అని ఎక్సెల్‌లో కట్టి చూస్తున్నాను. జీ20 ఉమ్మడి చట్రం (పేద దేశాల అప్పులను సర్దే విధానం) కింద ప్రభుత్వ రుణదాతలకు, అంటే అప్పిచ్చిన దేశాలకు, 2037 వరకు 1 శాతం వడ్డీ, చెల్లింపులు 2043 దాకా. ఈ భాగం సరిగ్గానే వస్తోంది.

చిక్కంతా బాండ్-బితోనే, అంటే పాత బాండ్లకు బదులు ఇచ్చిన రెండు కొత్త బాండ్లలో ఒకదానితో. మామూలు దారిలో వడ్డీ 0.5 శాతం, గడువు 2053. రెండోది ఎక్కువ చెల్లింపుల దారి: దేశ ఎగుమతులు, ప్రభుత్వ ఆదాయం ఐఎంఎఫ్ అంచనాలు దాటినా, దేశానికి అప్పు మోసే శక్తి 'బలహీనం' నుంచి 'మధ్యస్థం'కి పెరిగినా, వడ్డీ 7.5 శాతం, గడువు 2035. 2053లో వచ్చే 100 డాలర్ల విలువ ఏటా 5 శాతం డిస్కౌంట్‌తో (రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే రేటుతో) 2024లో సుమారు 24 డాలర్లు. 2035లో వచ్చేస్తే 58. ఒక్క సెల్ మారిస్తే ఎవరు ఎక్కువ వదులుకున్నారన్నదే తారుమారవుతోంది.

ఇప్పటిదాకా చేసినవి: ఒక్క మామూలు దారినే తీసుకున్నాను, బాండువాళ్లు ఎక్కువ నష్టపోయినట్టు వచ్చింది. రెండు దారులకూ చెరిసగం ఇచ్చాను, కానీ ఆ సగానికి ఆధారమేదీ లేదు. 9 శాతం డిస్కౌంట్ పెడితే 24 కాస్తా 8కి పడిపోయింది. తక్కువ ఆదాయ దేశాలకు ఐఎంఎఫ్ వాడేది 5 శాతమే కాబట్టి దాన్ని వదిలేశాను. పాత వడ్డీ బకాయిలను అసలులో కలిపాను, తేడా స్వల్పమే. 2023 నవంబరులో ఇదే సమానత్వం దగ్గర బాండువాళ్లతో తొలి ఒప్పందం ఆగి, ఆ దేశానికి నెలలు వృథా అయ్యాయి. అందుకే దీన్ని ఉజ్జాయింపుగా వదిలేయలేను.

ఇలాంటి లెక్కలు కట్టినవాళ్లు చెప్పండి: రెండు దారులనూ విడివిడిగా పరీక్షించాలా, లేక సంభావ్యతతో కలిపి ఒకే విలువగా చూపాలా?