చర్చ: తిరుపతి విద్యార్థులకు సొంత టెలిస్కోప్ కావాలా, నెట్‌లో దొరికే డేటా చాలదా?

అలిపిరి_కుర్రోడు:
మా కాలేజీకి 14 అంగుళాల టెలిస్కోప్ కావాలని ఎమ్మెస్సీ వాళ్లం అడిగాం. నక్షత్రాలను కొలిచే గైయా, టెస్ లాంటి శాటిలైట్ల డేటా ఊరికే దొరుకుతుంటే లక్షలు పోయడం ఎందుకన్నారు ఒక సార్. ఆయన మాటలో నిజముంది, కానీ నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కోడ్_రాసే_అక్క:
మీ సార్ చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. 2022లో వచ్చిన గైయా మూడో విడత డేటాలో దాదాపు 180 కోట్ల నక్షత్రాలున్నాయి. నా ప్రాజెక్టంతా చిత్తూరులో ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లోనే చేశాను. మన దగ్గర జూన్ నుంచి మబ్బులు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు. మిగిలిన నెలల్లో సగం రాత్రులు వెన్నెలే. ఆ డబ్బుతో కంప్యూటర్లు కొని, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పిస్తే అందరికీ పనికొస్తుంది.

కావలూరు_చూసొచ్చా:
అక్కా, ఆ మబ్బులు కావలూరు అబ్జర్వేటరీకీ ఉన్నాయి. (అది తమిళనాడులోని తిరుపత్తూరు జిల్లా, జవ్వాది కొండల్లో ఉంది. పేరు విని తిరుపతి అనుకునేవాళ్లున్నారు.) 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం రాబోతోందని అక్కడ 1 మీటరు టెలిస్కోప్‌తో కనిపెట్టుకుని కూర్చున్నారు. గ్రహం ఇంకా అడ్డం రాకముందే నక్షత్రం వెలుగు కొన్ని క్షణాలు పడిపోయింది. ముందు కొత్త ఉపగ్రహమేమో అనుకున్నారు. అదే రాత్రి అమెరికా వాళ్లు హిందూ మహాసముద్రం మీద విమానంలోంచి చూస్తే వాళ్లకూ అలాంటి తగ్గుదలలు చాలా కనిపించాయి. యురేనస్‌కు వలయాలున్నాయని తేలింది అలాగే. ఆ నిమిషంలో, ఆ చోట ఎవరూ చూడకపోయుంటే అది ఏ ఆర్కైవ్‌లోనూ ఉండేది కాదు. ఇప్పుడూ గ్రహశకలాలు నక్షత్రాలకు అడ్డం వస్తుంటాయి. వాటి నీడ మదనపల్లె మీదుగా పోతే చూడాల్సింది మనమే. దానికి చిన్న టెలిస్కోప్, కెమెరా, జీపీఎస్ టైమ్ చాలు.

కోడ్_రాసే_అక్క:
నీడ సంగతి ఒప్పుకుంటున్నా, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ నీడ పడే రాత్రి కోసం కూర్చుంటే థీసిస్ ఎప్పుడవుతుంది? లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల టెలిస్కోప్ ఉంది. దాన్ని బెంగళూరు దగ్గరి హొస్కోట నుంచే నడుపుతారు. అక్కడ టైమ్ కోసం అప్లై చేయొచ్చు కదా?

పాత_ఉస్మానియా:
అమ్మా, అప్లై చేసేవాడికి టెలిస్కోప్ అంటే ఏమిటో చేత్తో పట్టుకుని తెలిసుండాలి. కెమెరా లోపాలు సరిచేయడానికి తీసే డార్క్, ఫ్లాట్ ఫ్రేమ్‌లు (ఫొటోలు) తనే తీసినవాడికే గైయా పట్టికలో కొలత ఎంత అటూఇటూ కావొచ్చో చెప్పే కాలమ్ ఎందుకుందో అర్థమవుతుంది.
అయితే తమ్ముడూ, కాలేజీ మిద్దె మీద మాత్రం పెట్టొద్దు. హైదరాబాద్ దగ్గర మా ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో 48 అంగుళాల టెలిస్కోప్ ఉండేది, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. తర్వాత హైదరాబాద్ వెలుగు పెరిగి రాత్రి ఆకాశం తెల్లబారింది. తిరుపతి ఆకాశానిదీ అదే దారి. హార్స్‌లీ హిల్స్ దాదాపు 1,265 మీటర్ల ఎత్తుంది, అక్కడ చోటు చూడండి. ఇంకో మాట, నేను చదువు చెప్పిన ఒక కాలేజీలో మంచి టెలిస్కోప్ గదిలో తాళం వేసి ఉండిపోయింది. అది నడపడం తెలిసిన ఒకే ఒక్కాయన రిటైరయ్యాడు. టెలిస్కోప్ కన్నా ముందు దాన్ని నడిపే మనిషిని చూసుకోండి.

అలిపిరి_కుర్రోడు:
సరే సార్, 14 అంగుళాలది పక్కన పెడతాం. మోసుకుపోగలిగే 8 అంగుళాలది అడుగుతాం, ఇద్దరు జూనియర్లకు మొదటి నుంచీ నేర్పిస్తాం. జనవరిలో హార్స్‌లీ హిల్స్ వెళ్లి ఆల్గాల్‌తో మొదలుపెడతాం. దాదాపు 2.87 రోజులకోసారి మసకబారే నక్షత్రం, మామూలు కంటికీ తెలుస్తుంది. గైయాకు అంత వెలుగున్న నక్షత్రాలను కొలవడం కష్టంగా ఉండేది కూడా.

కోడ్_రాసే_అక్క:
ఆల్గాల్ ఫ్రేమ్‌లు నాకు పంపు. టైమ్‌తో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గీత (వెలుగు వక్రరేఖ) గీసే కోడ్ నేను రాసిస్తా. రెండో రాత్రికి నేనూ వస్తా.