లేలాండ్ స్టాన్‌ఫర్డ్: దాతా, దోపిడీ దొరా?

పాతరైలుపెట్టె:
మా తమ్ముడి కొడుక్కి స్టాన్‌ఫర్డ్‌లో సీటొచ్చింది. స్వీట్లు పంచుతుంటే మా బావ మొదలెట్టాడు, ఆ పేరున్న లేలాండ్ స్టాన్‌ఫర్డ్ కాలిఫోర్నియా నుంచి తూర్పుకి రైలు వేస్తానని అమెరికా ప్రభుత్వాన్ని ముంచాడని. ఒక్కగానొక్క కొడుకు 1884లో పదిహేనేళ్లకే టైఫాయిడ్‌తో పోతే, ఆ పిల్లాడి పేరు మీద యూనివర్సిటీ కట్టించిన మనిషిని అలా అనొచ్చా? 1891లో తెరిచినప్పుడు ఫీజు కూడా లేదు.

కొండపల్లి:
బావగారు తప్పేం అనలేదండీ. మైదానంలో మైలు పట్టాకి ప్రభుత్వం ఇచ్చేది 16,000 డాలర్ల బాండ్లు, అదే కొండల్లో అయితే 48,000. అందుకని రైలు మొదలయ్యే శాక్రమెంటో ఊరికి ఏడు మైళ్ల దూరంలో, చదునైన నేల మీద పారే ఆర్కేడ్ వాగు దగ్గరే సియెర్రా కొండలు మొదలైపోయాయని ఒప్పించుకున్నారు! అక్కడ కొండ కాదు కదా, పుట్ట కూడా లేదు. పైగా కాంట్రాక్టు కూడా తమ సొంత కంపెనీకే ఇచ్చుకున్నారు, తర్వాత దాని లెక్కల పుస్తకాలే మాయం.

లెక్కలమాస్టారు:
ఒక్కమాట. ఆ బాండ్లు దానం కాదు, అప్పు. ఆయన పోయాక చాలా ఏళ్లకే అయినా, 1909కల్లా రైలు కంపెనీ వడ్డీతో సహా తీర్చేసింది. ఊరికే దక్కింది ప్రభుత్వం ఇచ్చిన భూములు, అవి వేరే సంగతి. మంచులో, నల్లరాతిలో రోజుకి ఒక అడుగు సొరంగం తవ్వడమే గగనమైన చోట ఎవడు డబ్బు పెడతాడు?

కొండపల్లి:
ఆ అడుగు తవ్విందెవరు మాస్టారూ? 1862లో కాలిఫోర్నియా గవర్నర్ కుర్చీ ఎక్కగానే చైనావాళ్లు నీచజాతి, రానివ్వకూడదన్నాడీయన. కూలీలు దొరక్క పని ఆగేసరికి వాళ్లనే వేలల్లో పెట్టుకుని, 1865లో ప్రెసిడెంటుకి రాసిన నివేదికలో నెమ్మదస్తులు, ఓపికమంతులు, కష్టజీవులు అని పొగిడాడు. మూడేళ్లలో మారింది వాళ్లు కాదు, ఈయన అవసరం. 1867 జూన్‌లో జీతం పెంచమని సమ్మె చేస్తే కొండమీదికి తిండి రానివ్వకుండా ఆపేశారు, వారంలో సమ్మె ముగిసింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఎంతమంది చచ్చిపోయారో కంపెనీ లెక్క కూడా రాసిపెట్టలేదు.

లెక్కలమాస్టారు:
ఆ కాలంలో నెలకి 30 డాలర్లంటే చైనాలో వచ్చేదానికంటే చాలా ఎక్కువండీ. బలవంతంగా ఎవరూ తేలేదు కదా.

కొండపల్లి:
చైనాతో ఎందుకు పోల్చడం, పక్కనే పనిచేసిన తెల్లవాడితో పోల్చండి. వాడికి జీతం మీద తిండి కూడా కంపెనీదే. వీళ్లు బియ్యం, ఎండుచేపలు తమ జీతంలోంచే కొనుక్కున్నారు.

పాతరైలుపెట్టె:
తిండి సంగతి నాకు నిజంగా తెలీదు. దానం ఇప్పటికీ గొప్పదే అంటాను గానీ, బావతో మాత్రం ఇక వాదించను. 1869లో తూర్పు నుంచి, పడమర నుంచి వచ్చిన పట్టాలు ప్రామంటరీ అనే చోట కలిసినప్పుడు కొట్టిన బంగారు మేకు యూనివర్సిటీ మ్యూజియంలోనే ఉందట, వెళ్లి చూసి ఫోటో పంపమని మావాడికి చెప్పాను.