ఓమ్నీ వ్యాన్‌లో సెల్ఫ్ మోటార్ ఎక్కడుంటుంది?

పాలవ్యాన్: మాది 2009 ఓమ్నీ, పెట్రోలు. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. సీటు లేపితే ఇంజన్ కనపడుతోంది కానీ సెల్ఫ్ దొరకట్లేదు. పైనుంచి అందుతుందా, కిందికి దూరాలా?

గేర్‌గోపి: ఓమ్నీలో ఇంజన్ తిప్పేది వెనక చక్రాలని. ముందు సీట్ల కింద ఇంజన్, దాని వెనక గేర్‌బాక్స్. రెంటి మధ్య ఫ్లైవీల్ అనే బరువు చక్రం, దాని చుట్టూ రింగ్ గేర్, అంటే పళ్ల కట్టు. సెల్ఫ్ తిప్పాల్సింది ఆ పళ్లనే కాబట్టి ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోటే ఉంటుంది. లావు గొట్టంలా మోటారు, దాన్ని అంటుకుని ఇంకో చిన్న గొట్టం. ఆ చిన్నది సాలెనాయిడ్, తాళం తిప్పితే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు. కిందనుంచి చూడండి.

కర్నూలుమూర్తి: అంత కథెందుకు? బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు పట్టుకుని పోతే సెల్ఫే.

గేర్‌గోపి: బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోకీ వైరు పోతుంది సార్. చాలామంది అక్కడే ఆగిపోతారు.

కర్నూలుమూర్తి: డైనమోకి బెల్టుంటుంది. నేను ‘లావు’ వైరన్నాను, చదవండి.

గేర్‌గోపి: లావంటే ఎంత? టేపులు చుట్టీ చుట్టీ పాత బండ్లలో అన్నీ లావే.

వైజాగ్‌బాబీ: బ్యాటరీ నెగటివ్ ముందు తీయమని ఒక్కరూ చెప్పరేం? ఆ వైరుకి ఫ్యూజుండదు. స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలే.

రవి_ఆటో: విప్పే ముందు హెడ్‌లైట్ వేసి తాళం తిప్పు తమ్ముడూ. లైటు బాగా డిమ్మయితే ముందు బ్యాటరీ చూసుకో.

కర్నూలుమూర్తి: ఇదే టక్ చప్పుడికి ఒక షెడ్డులో నాకు కొత్త సెల్ఫ్ అంటగట్టారు. వారానికే మళ్లీ టక్. చూస్తే ఇంజన్ ఎర్త్ వైరు తుప్పు! అప్పట్నుంచి నేనే వెతుక్కుంటున్నా.

గేర్‌గోపి: ఎవడో మోసం చేస్తే షెడ్లన్నీ దొంగలవేనా? నాదీ షెడ్డే. ఇక్కడ ఉత్తినే అడిగి, సగం విప్పి, బోల్టులు పారేసుకుని మా దగ్గరికే తెస్తారు. తెచ్చి, బిగించడానికి ఇంతా అని బేరం!

కర్నూలుమూర్తి: కూలి ఇవ్వనని ఎవరన్నారు? పాత సెల్ఫ్ చూపించమంటే తుక్కులో వేశామన్నారు. అది నా సామాను కాదా? నా మంట అక్కడ.

గేర్‌గోపి: ఆ ముక్క ముందే అనొచ్చుగా. పాతది కావాలని బండి దింపినప్పుడే చెప్పాలి.

కర్నూలుమూర్తి: చెప్పకపోతే మీదైపోతుందా?

గేర్‌గోపి: పాతది మాకిస్తారనే కొత్తదాని రేటు తగ్గిస్తాం. తగ్గింపూ కావాలి, పాతదీ కావాలంటే ఎలా?

పాలవ్యాన్: అన్నలూ, కిందనుంచే కనపడింది. సాలెనాయిడ్ నట్టు దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి బిగిస్తున్నా.

వైజాగ్‌బాబీ: నెగటివ్ తీశావా?

రవి_ఆటో: తగ్గించింది పాతదానికని బిల్లులో రాస్తే మూర్తిగారికి గొడవే లేదు. మా ఊళ్లో అసలు బిల్లే ఇవ్వరు.