ఈ వారం సమస్య: తుప్పు పట్టెఁ గారు తోమఁ దోమ

నిర్వాహకుడు
మూడు రోజులుగా ఈ పాదం నోట్లో ఆడుతోంది. ఇక మీ మీద వదిలేస్తున్నాను. ఇదే ఆఖరి పాదంగా, పైన మూడు పాదాలు కట్టి ఆటవెలది పూరించండి.

తుప్పు పట్టెఁ గారు తోమఁ దోమ

తోమేకొద్దీ కారుకు తుప్పు పట్టిందట. తోమింది పైభాగం కాదు, అడుగుభాగం. తోమితే తుప్పు ఎందుకు పట్టిందో పద్యమే చెప్పాలి. విధి మీదా కలి మీదా నెట్టేస్తే ఒప్పుకోను.

భీమిలి బాబాయి

కడలి చెంత బోరు గక్కిన యుప్పుతో
నడుగు నెల్లఁ గడిగి యారనీక
మూల మూల నీరు ముక్కుచు నిలువంగఁ
దుప్పు పట్టెఁ గారు తోమఁ దోమ.

కడలికి దగ్గర్లోని బోర్లలో చాలావాటికి ఉప్పు తగులుతుంది. తాగే నీటికి ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలు. వేరే దారి లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. సముద్రపు నీటిలో సుమారు 35,000. నీటిలో కరిగిన లవణాలను చూపే, చేతిలో పట్టే టీడీఎస్ మీటరుతో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. మీటరు 2000 దాటి చూపిస్తే ఆ నీటితో అడుగు కడగడం ఉప్పు పూయడమే. మట్టి వదలగొట్టడానికి అదే నీరు తప్పకపోతే, ఆఖరి కడుగుడైనా కుళాయి నీటితో జరగాలి.

ఎంవీపీ మాష్టారు
బాబాయ్, "ముక్కుచు" అన్న మాట బంగారం. బియ్యానికీ పప్పుకీ వాడే మాటను సిల్లు పెట్టె లోపల నిలిచిన నీటికి తెచ్చారు. తలుపుల కింద ఉండే ఆ గొట్టంలాంటి భాగంలో నీరు సరిగ్గా అలాగే ముక్కుతుంది. గాలి ఆడదు, ఎండ తగలదు, బయటికి ఏమీ కనపడదు. పెయింటు మీద బొబ్బ కనపడేసరికి లోపలి రేకు సగం పోయి ఉంటుంది.

"గక్కిన" దగ్గర యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ పడే జత అక్షరం) కూడా హాయిగా పడింది. గత వారం "గాలి లేని టైరు గట్టి దగును" పూరణలో ఒకరు "టైరు"కు "తారు"ను యతిగా వేసి, రెండూ నాలుకకు దగ్గరేగా అని వాదించారు. వారు ఈ పద్యాన్ని రెండుసార్లు చదవాలి.

గాజువాక షెడ్డు
ఆ "ఒకరు" నేనే. యతి తప్పు ఆనాడే ఒప్పుకున్నాను. ఇదిగో నా పూరణ.

తీగ కుంచెతోడఁ దెగరుద్దెఁ గోటింగు
జింకు పూఁత పోయెఁ జెదరి, యినుము
బయలుపడెను సంద్రపవనాల కెదురుగాఁ
దుప్పు పట్టెఁ గారు తోమఁ దోమ.

ఇప్పటి కార్ల రేకులకు చాలావరకు జింకు పూత ఉంటుంది. గీత పడ్డా ముందు జింకు తినబడి ఇనుమును కాస్తుంది. తీగ బ్రష్షుతో అడుగంతా రుద్దితే కంపెనీ పూతా జింకూ రెండూ పోతాయి. తీగ బ్రష్షు పట్టాల్సింది అప్పటికే పొరలు లేచిన తుప్పు మచ్చ మీదే. ఆ మచ్చను మెరిసే లోహం కనపడేదాకా గీకి, మిగిలిన మరకకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు రాయాలి. డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే జింకు ప్రైమరు, దాని మీద పై పూత. మిగతా అడుగుకు మెత్తటి నైలాన్ బ్రష్షూ షాంపూ నీళ్లూ చాలు.

ఎంవీపీ మాష్టారు
విషయంలో వంక లేదు. కానీ "సంద్రపవనాలు" వైరి సమాసం, తెలుగు మాటకు సంస్కృత పదం అతికింది. "జలధిపవనాలు" అంటే గణం (గురులఘువుల లెక్క) చెడదు, సమాసం నిలుస్తుంది.

గాజువాక షెడ్డు
మార్చాను మాష్టారూ. "బయలుపడెను జలధిపవనాల కెదురుగా."

అక్కయ్యపాలెం అక్క
సమాసం సరే, ఆ గాలి ఏం చేస్తుందో కూడా చెప్పుకోవాలి. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే చెమ్మ లాగి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతమే చాలు. మన విశాఖలో రాత్రిళ్లు 75 దాటడం మామూలు. అంటే ఆర్కే బీచ్ దగ్గర నిలబెట్టిన బండి అడుగు, వాన లేకపోయినా తడిగానే ఉంటుంది. దాని మీద పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్మో, భీమిలి దారిలో ఎర్రమట్టో పేరుకుంటే ఆ పొర స్పంజిలా తడిని పట్టి ఉంచుతుంది. అందుకే అసలు కడగొద్దు అనే మాట ఇక్కడ చెల్లదు. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండికి నెలకోసారి, తుపాను గాలి ఆగాక వెంటనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పటిలాంటి గాలులకు ఉప్పు తుంపర ఊరి లోపలికీ చేరుతుంది.

సీతమ్మధార

తడిని దాఁచి మీఁద దట్టంపు తారుతో
పూఁత పూయఁ గ్రింద బొబ్బలు లేచె
లోన నీరు వోక లోహమునుఁ గొరుక
తుప్పు పట్టెఁ గారు తోమఁ దోమ.

గాజువాక షెడ్డు
రెండో పాదం చివర ఒక లఘువు (పొట్టి అక్షరం) ఎక్కువైంది. టైరు యతి గురించి గత వారం నాకు మూడు పేజీలు రాసిన వారు మీరే కదా, ఇది మీ కంటికి ఎలా ఆనలేదు?

సీతమ్మధార
నిజమే, జారింది. కానీ గత వారం మీ పద్యంలో నేను ఎత్తి చూపింది యతి ఒక్కటే కాదు. వానాకాలంలో టైరుకు గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని రాశారు. గాలి తగ్గితే టైరు నడుమభాగం నీటిని బయటికి తోయలేదు, తక్కువ వేగానికే బండి నీటి మీద తేలుతుంది. తలుపు చట్రం మీద కంపెనీ అంటించిన చీటీలో ఎంత ఉంటే అంతే పెట్టాలి. ఆ పద్యం ఇంకా దిద్దలేదు.

గాజువాక షెడ్డు
దిద్దుతాను. ఆ సంగతి ఆ సమస్య కిందే మాట్లాడదాం.

అక్కయ్యపాలెం అక్క
సీతమ్మధార గారి పద్యంలో లఘువు జారినా అసలు దెబ్బ అదే. బండి కొన్న వారంలోనే నల్ల పూత కొట్టించుకునే వాళ్లు చాలామంది. తడి రేకు మీదో తుప్పు మీదో తారు పూత కొడితే అది తడిని లోపల పెట్టి సీలు వేస్తుంది. పైగా ఎండకు గట్టిపడి, రాళ్ల దెబ్బకు పగిలి, పగులులోంచి నీరు తాగుతుంది. మైనం జాతి పూత మెత్తగా ఉండి సందుల్లోకి పాకుతుంది. రాళ్లు తగిలే చోట త్వరగా పోతుంది కాబట్టి ఏడాదికోసారి చూసి మళ్లీ వేయాలి. ఏది వేసినా సైలెన్సరు గొట్టం, బ్రేకు డిస్కులు, యాక్సిల్ రబ్బరు బూట్లు, సెన్సార్లు, నీరు కారే రంధ్రాలు, వీటి మీద చుక్క పడకూడదు. డీజిలు, కిరసనాయిలు కొట్టించడం అంతకన్నా చెరుపు. రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి, వేడి గొట్టం దగ్గర మంట భయం.

ఉక్కునగరం
నాది కొంచెం వేరే దారి, క్రమాలంకారం. పాదాన్ని ఐదు మాటలుగా విరిచి ఐదు ప్రశ్నలకు వరసగా జవాబులు చేశాను.

ఇనుముఁ దినున దేది? యేది కమానులో?
రోడ్డు నేలు నేది? రోఁత గిన్నె
మెఱయు టెట్లు? నీట మేలుకొను నదేది?
తుప్పు – పట్టె – కారు – తోమ – దోమ.

భీమిలి బాబాయి
శెభాష్ తమ్ముడూ! "తోమఁ దోమ"లోంచి దోమను లేపావు. స్టెప్నీ గుంట అడుగున రబ్బరు బిరడా బిగుసుకుని, వెనక లైటు సీలు కారితే ఆ గుంటలో నీరు నిలుస్తుంది. దోమలు పుట్టేది అక్కడే. కాబట్టి విషయం కూడా ఉంది.

ఎంవీపీ మాష్టారు
విరుపు గొప్పదే. అయితే సమస్యలో "పట్టెఁ గారు" అని అరసున్న (ఁ) ఉంది. క్రియ కాబట్టి చివర ద్రుతం, అంటే నకారం, ఉంది, అరసున్న వచ్చింది. కమాను (బండి స్ప్రింగు) "పట్టె" నామవాచకం, దానికి ద్రుతం లేదు. "పట్టె గారు" అని, క-చ-ట-త-పలు గ-స-డ-ద-వలయ్యే గసడదవాదేశం వస్తుంది గానీ అరసున్న రాదు. ఇచ్చిన పాదాన్ని మార్చినట్టయింది.

ఉక్కునగరం
ఒప్పుకోను మాష్టారూ. చెవికి రెండూ ఒక్కటే. అవధానంలో పాదాన్ని చెవితోనే అందుకుంటారు, కంటితో కాదు.

ఎంవీపీ మాష్టారు
ఇది రాతలో ఇచ్చిన సమస్య. చుక్క కూడా సమస్యలో భాగమే. నా పూరణ పెడుతున్నాను.

మంచినీటఁ గడిగి మన్నెల్లఁ దొలఁగించి
రంధ్రములను దెఱచి రాత్రి యార
మైనమద్ది పెట్ట మఱి యెట్టు లనిరయ్య
తుప్పు పట్టెఁ గారు తోమఁ దోమ?

గాజువాక షెడ్డు
సమస్యను ప్రశ్నగా తిప్పి కొట్టారు. "లనిరయ్య" దగ్గరే పద్యం పైకి లేచింది. క్రమం కూడా సరిగ్గా ఉంది కాబట్టి కొలతలు నేను కలుపుతాను.

ఇంజినూ బ్రేకులూ చల్లారాక మొదలు. వేడి డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర తిరగొచ్చు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకూడదు. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ప్రెషర్ పంపుకు 25 డిగ్రీల విసనకర్ర నాజిల్ పెట్టి, రేకుకు 30 సెంటీమీటర్లు తగ్గకుండా పట్టుకోవాలి. ముందు చక్రాల గూళ్ల పైభాగం, తర్వాత సిల్లుల అతుకులు, ఆ తర్వాత ఇంజిను కింద చట్రం, చివర వెనక యాక్సిల్. యాక్సిల్ బూట్లు, చక్రాల బేరింగు సీళ్లు, కరెంటు కనెక్టర్ల మీద సూటిగా కొట్టకూడదు. నిమిషానికి 7 లీటర్ల పంపు అయితే 15 నిమిషాలకు 105 లీటర్లు ఖర్చు.

రంధ్రాలు తెరవడానికి ఇనుప చువ్వ వద్దు, అంచు పెయింటు లేస్తుంది. ప్లాస్టిక్ కేబుల్ టై చాలు. నీరు కారడం ఆగాక 5, 6 కిలోమీటర్లు నడిపి, మధ్యమధ్య బ్రేకు మెల్లగా తొక్కితే డిస్కులు ఆరతాయి. ఆ రాత్రి కవరు కప్పకూడదు.

అక్కయ్యపాలెం అక్క
మాష్టారి పద్యంలో ఒక్క సందేహం. "రాత్రి యార" అన్నారు. మన ఊరి రాత్రి తేమకు సిల్లు లోపల ఆరదు. పగటి ఎండా గాలీ కావాలి. "రాత్రి" యతి కోసం వచ్చిందేమో?

ఎంవీపీ మాష్టారు
యతి కోసమే వచ్చింది. పగలు అనడానికి "ర" దొరకలేదు. "రవికి నార" అంటే గణం నిలుస్తుంది, యతీ నిలుస్తుంది, రేకూ ఆరుతుంది. మార్చేశాను.

నిర్వాహకుడు
"రంధ్రములను దెఱచి రవికి నార." బాగుంది, ఇదే ఉంచుతున్నాను. ఉక్కునగరం గారి క్రమాలంకారాన్ని విడిగా పెడుతున్నాను. అరసున్న తగవు తేలలేదు. సీతమ్మధార గారూ, మీ రెండో పాదం ఇంకా అలాగే ఉంది.

సీతమ్మధార
"పూఁత పూయఁ గ్రింద బొబ్బ లేచె."

గాజువాక షెడ్డు
సరిపోయింది. టైరు పద్యం కూడా ఇప్పుడే దిద్దాను, చూడండి.