శంషాబాద్ ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

రాంప్_డ్యూటీ:
వచ్చే నెల నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేరుతున్నా, గ్రౌండ్ హ్యాండ్లింగ్ పని. మూడు షిఫ్టులు, వారం వారం మారతాయి. కంపెనీ బండి రాత్రి షిఫ్టుకు ఆరాంఘర్ దాకా వస్తుంది. మార్నింగ్ షిఫ్టుకు రాదు, అది తెల్లవారుజామున నాలుగింటికే మొదలు. నాకున్నది బైకు. మా ఆవిడ ఆఫీసు రాయదుర్గంలో, వారంలో నాలుగు రోజులు వెళ్లాలి. పాప ఈ ఏడాది ఒకటో తరగతి. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాం. అత్తాపూర్, బండ్లగూడ జాగీర్, సాతంరాయి, శంషాబాద్ టౌన్, తుక్కుగూడ చూస్తున్నాం. ముందు అద్దెకే, కొన్నాళ్లు పోయాక కొనాలని ఉంది. ఆ వైపు ఉంటున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతబస్టాండ్_పక్కన:
శంషాబాద్ టౌన్ తీసుకోండి బ్రదర్, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. టెర్మినల్‌కు బైకు మీద పావుగంట. అత్తాపూర్ నుంచి కూడా దగ్గరేనని బ్రోకర్లు పీవీ ఎక్స్‌ప్రెస్ వే చూపిస్తారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల ఫ్లైఓవర్ ఉన్న మాట నిజమే, కానీ దాని మీదికి టూవీలర్లను రానివ్వరు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికీ రానివ్వరు. మీరు కింద పిల్లర్ల పక్కనే రావాలి, ఆరాంఘర్ దాటాక బెంగళూరు హైవే. రాత్రి మూడింటికి వానలో ఆ రోడ్డు మీద ఒక్కసారి వచ్చి చూడండి. హెల్మెట్ అద్దం మీద నీళ్లు, ఎదురు లైట్లు పడి ఏమీ కనపడదు, పక్కనే లారీ చక్రం మీ భుజమంత ఎత్తున తిరుగుతుంటుంది.

మణికొండ_కుర్రాడు:
టౌన్‌లో అద్దెలు కూడా నయం. మా వైపు సింగిల్ బెడ్‌రూమ్‌కి ఇచ్చే డబ్బుతో అక్కడ డబుల్ వస్తుంది.

రన్‌వే_తూర్పు:
విమానాల మోత గురించి ఒక్కరూ మాట్లాడరేం? నేను పెరిగింది రసూల్‌పురాలో, బేగంపేట ఎయిర్‌పోర్టు గోడ అవతల. మా నాన్న గుండె జబ్బు మనిషి. రాత్రి విమానం దిగినప్పుడల్లా ఆయన లేచి కూర్చునేవారు, ఇక పడుకునేవారు కాదు. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు మారాకే మా ఇంట్లో అందరం నిద్రపోయాం. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. శంషాబాద్‌లో రెండు రన్‌వేలూ తూర్పు పడమరగా ఉంటాయి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. వానాకాలం పడమటి గాలి కాబట్టి ఎక్కువగా తూర్పు వైపు నుంచి వచ్చి దిగుతాయి, చలికాలం గాలి తిరిగితే పడమటి నుంచి. డిసెంబరులో ఇల్లు చూసి ప్రశాంతంగా ఉందని అడ్వాన్స్ ఇస్తే జూలైలో బయటపడుతుంది. గల్ఫ్, యూరప్ విమానాలు ఎక్కువ భాగం అర్ధరాత్రి నుంచి తెల్లారేలోపే తిరుగుతాయి.

పాతబస్టాండ్_పక్కన:
టౌన్ రన్‌వేకు ఉత్తరంగా ఉంటుంది, విమానాలు దిగే లైను కింద లేదు. నాకు వినపడేది హైవే హారన్లే.

రన్‌వే_తూర్పు:
ఉత్తరంగా ఉంటే టేకాఫ్ మోత రాదా? పూర్తి పవర్ పెట్టినప్పుడు పక్కలకూ వస్తుంది. మీకు అలవాటు పడిపోయింది, అంతే.

జీవో_బాధితుడు:
అద్దె సంగతి మీరు మీరు చూసుకోండి. కొంటానన్నారు కాబట్టి ఇది రాస్తున్నా. 1996 మార్చిలో వచ్చిన 111 జీవోతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులకు పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు, అందులో శంషాబాద్ మండలం ఊళ్లు చాలా ఉన్నాయి. మేం అన్నదమ్ములం కలిసి ఎయిర్‌పోర్టు దగ్గరని ఒక ప్లాటు కొన్నాం. రేపో మాపో జీవో ఎత్తేస్తారని అమ్మినాయన నమ్మించాడు. రిజిస్ట్రేషన్ చక్కగా అయింది, ఇల్లు కట్టుకోవడానికి మాత్రం పర్మిషన్ రాదు. 2022లో 69 జీవో వచ్చింది, ఆంక్షలు సడలించారన్నారు, మా ఇంట్లో పండగ చేసుకున్నాం. ఇప్పటికీ ఆ ప్లాటులో కంప చెట్లే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టుకోవచ్చని అనుకోకండి. సర్వే నంబరు పట్టుకుని హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ)లో అడగకుండా రూపాయి ఇవ్వొద్దు.

స్క్వేర్_యార్డ్:
కొనేదుంటే బుద్వేల్ వైపు చూడండి. కొత్త హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో వంద ఎకరాలు ఇచ్చారు, 2024 మార్చిలో శంకుస్థాపన కూడా అయింది. మెట్రో కూడా వస్తుంది.

జీవో_బాధితుడు:
మెట్రో మాట ఎత్తకండి. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకు 31 కిలోమీటర్లని శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక ఆ లైను పక్కన పెట్టి నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా అన్నారు. మొదటి లైను నమ్ముకుని ఫ్లాట్ కొన్నవాళ్లు నాకు తెలుసు. పట్టాలు కనపడ్డాక మాట్లాడండి.

ఫలక్‌నుమా_ఫాస్ట్:
రైలు కావాలంటే ఎంఎంటీఎస్ 2023 నుంచి ఉందానగర్ దాకా వస్తోంది. కాకపోతే రైళ్లు తక్కువ, స్టేషన్ నుంచి టెర్మినల్‌కు మళ్లీ ఆటో.

చెరువు_కట్ట:
సాతంరాయి, గగన్‌పహాడ్ వైపు చూసేవాళ్లకు ఒక మాట. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్‌లో అప్పచెరువు తెగి హైవేనే కోసుకుపోయింది, మనుషులు పోయారు. ఇల్లు చూడ్డానికి వెళ్తే హాలు టైల్స్ తర్వాత చూడండి, ముందు కాంపౌండు గోడ మీద నీటి మరక ఎక్కడిదాకా ఉందో చూడండి. మెట్ల కింద కరెంటు మీటర్లు ఏ ఎత్తున బిగించారో చూడండి. ఆ వీధిలో అందరి మీటర్లూ ఛాతీకి పైనే ఉంటే ఊరికే పెట్టలేదని అర్థం. ఇంటి ఓనరు చెప్పడు, పక్కనున్న కిరాణా కొట్టు ఆయన చెబుతాడు.

రన్‌వే_తూర్పు:
మంచి మాట. కానీ వరద ఎప్పుడో ఒకసారి. మోత రోజూ.

కిస్మత్‌పూర్_భారతి:
రాంప్_డ్యూటీ గారూ, మీ ఆవిడ రాయదుర్గం వెళ్లాలని మొదటి పోస్టులోనే రాశారు. వరదలు, మెట్రో, 111 జీవో అన్నీ అయ్యాయి, శంషాబాద్ టౌన్ నుంచి ఆమె ఆఫీసుకు ఎలా వెళ్తుందో ఒక్కరూ రాయలేదు.

పాతబస్టాండ్_పక్కన:
ఔటర్ ఎక్కితే నలభై నిమిషాలు మేడమ్, పెద్ద దూరం కాదు.

కిస్మత్‌పూర్_భారతి:
ఔటర్ ఎక్కాలంటే కారు ఉండాలి. టూవీలర్లను రానివ్వరని పైన మీరే రాశారు. ఉన్నది ఒక్క బైకు, అది ఆయన దగ్గరే ఉంటుంది. ఎయిర్‌పోర్టు నుంచి వెళ్లే పుష్పక్ బస్సు టికెట్ రోజూ రెండు వైపులా పెట్టుకుంటే జీతంలో ఏం మిగులుతుంది?

పాతబస్టాండ్_పక్కన:
రాత్రి మూడింటికి హైవే మీద ఉండేది ఎవరు మేడమ్, ఆయనా ఆవిడా? ఆవిడ పగలు బస్సులో కూర్చుని వెళ్తుంది, కొంచెం ఆలస్యమవుతుంది, అంతేగా. మా తమ్ముడిదీ ఇదే ఎయిర్‌పోర్టు ఉద్యోగం. మరదలికి దగ్గరని అత్తాపూర్‌లో ఇల్లు తీసుకున్నాడు. మార్నింగ్ షిఫ్టుకు వస్తుంటే లారీ కొట్టేసి వెళ్లిపోయింది. మోకాలి కింద కాలు తీసేశారు. ఇప్పుడు ఉద్యోగమూ లేదు. ఆస్పత్రిలో వాడి పక్కన కూర్చున్నవాణ్ణి నేను. ఆలస్యం, టికెట్ అని నాకు చెప్పకండి.

మణికొండ_కుర్రాడు:
అయ్యో. సారీ అన్నా.

కిస్మత్‌పూర్_భారతి:
మీ తమ్ముడికి జరిగింది చదివి చాలా బాధేసింది. ఆయన ప్రాణం ముఖ్యం కాదని నేను అనలేదు. కానీ "కొంచెం ఆలస్యమవుతుంది అంతేగా" అన్నారు చూడండి, ఆ మాట మా ఇంట్లోనూ అన్నారు. మా వారి డ్యూటీకి దగ్గరని హైవే పక్కన ఇల్లు తీసుకున్నాం. నేను గచ్చిబౌలి వెళ్లడానికి చీకటితో లేచి వంట చేసి, ఆరాంఘర్‌లో దిగి, మెహిదీపట్నంలో మళ్లీ మారి వెళ్లేదాన్ని. వచ్చేసరికి బిడ్డ నిద్రపోయేది. ఎవరూ నన్ను మానెయ్యమనలేదు, ఇల్లు మారదామని కూడా ఎవరూ అనలేదు. చివరికి నేనే మానేశాను. తర్వాత కిస్మత్‌పూర్ వచ్చాం, కానీ అన్నేళ్ల ఖాళీ చూసి నన్ను ఎవరు తీసుకుంటారు? కాలు పోతే అందరికీ కనపడుతుంది అన్నా. నాది ఎవరికీ కనపడలేదు.

పాతబస్టాండ్_పక్కన:
రెండూ ఒకటి కాదమ్మా.

కిస్మత్‌పూర్_భారతి:
ఒకటని నేనూ అనడం లేదు. ఇల్లు వెతికేటప్పుడు రెండూ కాగితం మీద పెట్టాలంటున్నా. ఇక్కడ ఒక్కటే పెట్టారు.

స్క్వేర్_యార్డ్:
థ్రెడ్ దారి తప్పుతోంది. లొకేషన్ గురించి మాట్లాడుకుందాం.

రన్‌వే_తూర్పు:
దారి తప్పలేదు సార్. నేను మోత మోత అంటుంటే చాదస్తం అనుకుంటున్నారు కదా. ఉద్యోగాలు చేసేవాళ్లిద్దరూ రోజులో సగం బయటే ఉంటారు. ఇరవై నాలుగు గంటలూ ఆ ఇంట్లో పడి ఉండేది పసిపిల్లలు, ముసలివాళ్లు. మా ఇంట్లో బస్సు ఎవరికి దగ్గర, ఆఫీసు ఎవరికి దగ్గర అని ఎన్నోసార్లు చర్చ జరిగింది, మా నాన్న నిద్ర గురించి ఎవరం అడగలేదు. రాంప్_డ్యూటీ గారూ, రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకోవాల్సింది మీరు కూడా. పడకగది కిటికీ ఏ వైపు ఉందో చూసి తీసుకోండి.

రాంప్_డ్యూటీ:
అందరికీ థ్యాంక్స్. మా ఆవిడ మొదటి నుంచి చివరి దాకా చదివింది. సాయంత్రం ఇద్దరం కూర్చుని మ్యాప్ తీశాం. తుక్కుగూడ, టౌన్ రెండూ వదిలేశాం. ఆరాంఘర్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరంలో శివరాంపల్లి కనపడుతోంది, రాత్రి షిఫ్టుకు బైకు తీయక్కర్లేదు, తనకు రాయదుర్గం వైపు బస్సు కూడా అక్కడి నుంచి తేలిక అనుకుంటున్నాం. కొనడం ఇప్పట్లో లేదు, 111 సంగతి చదివాక అసలే లేదు. శివరాంపల్లిలో ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే నీళ్ల సంగతి చెప్పండి.

పాతబస్టాండ్_పక్కన:
మరి మార్నింగ్ షిఫ్టు? ఆ వారం కంపెనీ బండి లేదని మీరే రాశారు. నాలుగింటికి లోపల ఉండాలంటే మూడింటికి బయల్దేరాలి, అదే హైవే, అవే లారీలు. దానికి ఏం చేస్తారో చెప్పండి.

రాంప్_డ్యూటీ:
దానికి ఇంకా దారి దొరకలేదన్నా. సోమవారం హెచ్‌ఆర్‌ను కలుస్తున్నా, మార్నింగ్ షిఫ్టుకు కూడా ఆరాంఘర్‌కు బండి పంపమని రాసి ఇస్తా. ఆ షిఫ్టులో అటు నుంచి వచ్చేవాళ్లు ఎవరున్నారో కనుక్కుని వాళ్ల సంతకాలు కూడా పెట్టిస్తా.

కిస్మత్‌పూర్_భారతి:
అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి. ఇల్లు తీసుకున్నాక అడిగితే పంపరు.