ప్రకటనలో తార తాగితే ఇంట్లో పిల్లవాడు తాగుతున్నాడు: బాధ్యత ఎవరిది?

వేపచెట్టు

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పోయిన నెల రెండు దవడ పళ్లు పుచ్చిపోతే దంతవైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాను. కారణం నాకు ముందే తెలుసు. ఏడాదిగా వాడికి ఒక శీతల పానీయం మీద వ్యామోహం. వాడికి ప్రాణంతో సమానమైన ఆటగాడు దాని ప్రకటనలో కనిపిస్తాడు.

మొన్న వాడిని వంటింట్లో కూర్చోబెట్టి, 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో ఉండే సుమారు 35 గ్రాముల చక్కెరను చెంచాతో కొలిచి గాజు గ్లాసులో పోశాను. దాదాపు తొమ్మిది చెంచాలు. వాడు గ్లాసు ఎత్తి అటూ ఇటూ వంచి, చక్కెర జారడం చూశాడు. చూసి, "ఇంత తాగినా ఆయనకు ఏమీ కాలేదు కదమ్మా" అన్నాడు.

నాకు మాట రాలేదు. నేను చెప్పింది వాడికి అర్థం కాక కాదు. నా గ్లాసు ఒక సాక్ష్యమైతే, ఆ ఆటగాడి కండలు తిరిగిన ఒళ్లు అంతకంటే పెద్ద సాక్ష్యం. ఇంట్లో నా మాట చెల్లడం లేదు. పిల్లలు కోరుకునే తినుబండారాలు, పానీయాల ప్రకటనల్లో ప్రసిద్ధులు కనిపించకుండా చట్టం రావాలి. మీరేమంటారు?

తులాభారం

పిల్లవాడి పళ్ల సంగతి చదివి బాధ కలిగింది. కానీ ఒక్క ప్రశ్న అడగక తప్పదు. ఆ డబ్బా ఇంటికి ఎవరు తెచ్చారు? తొమ్మిదేళ్ల పిల్లవాడు తన సంపాదనతో కొనలేదు. ప్రకటన కోరిక పుట్టిస్తుంది, నిజమే. కోరిక పుట్టినంత మాత్రాన సీసా నడిచి రాదు. మధ్యలో ఒక పెద్దమనిషి చెయ్యి ఉంటుంది. ఆ చేతి గురించి మాట్లాడకుండా ప్రకటన గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు.

ఉదయపు నడక

ఆ ఆటగాడు నిజంగా అది తాగుతాడా? ముందు అది తేలాలి. తాగనివాడు తాగుతున్నట్టు నటిస్తే అబద్ధం చెప్పినట్టే.

పాత అట్ట

తులాభారం గారూ, కోరిక పుట్టడానికీ చెయ్యి చాపడానికీ మధ్య దూరం మీరు అనుకున్నంత లేదు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలు 181 మంది. ఇంగ్లండ్ మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు గ్యారీ లినెకర్ అక్కడ చాలా ఏళ్లు వాకర్స్ చిప్స్ ప్రకటనల్లో నటించాడు. కొందరు పిల్లలకు ఆ ప్రకటన చూపించారు. కొందరికి లినెకర్ అప్పట్లో నడిపిన టీవీ ఫుట్‌బాల్ కార్యక్రమం చూపించారు, అందులో చిప్స్ ఊసే లేదు. మిగతావాళ్లకు వేరే చిరుతిండి ప్రకటన, బొమ్మ ప్రకటన చూపించారు. తర్వాత రెండు గిన్నెల్లో చిప్స్ పెట్టారు. ఒకదాని మీద వాకర్స్ అని చీటీ, రెండోదాని మీద మామూలు దుకాణం సరుకు అని చీటీ. రెండింటిలోనూ ఉన్నది ఒకటే చిప్స్.

లినెకర్‌ను చూసిన పిల్లలు వాకర్స్ చీటీ ఉన్న గిన్నెలోంచి ఎక్కువ తిన్నారు. ప్రకటన చూసినవాళ్లే కాదు, ఆటల కార్యక్రమంలో ఆయన ముఖం మాత్రమే చూసినవాళ్లు కూడా. అంటే ప్రకటన ఆగిపోయినా పని సాగుతూనే ఉంటుంది. ఆ ముఖం కనబడితే చాలు.

తులాభారం

181 మంది, ఒక పూట, రెండు గిన్నెలు. ఇంటికి వెళ్లాక ఆ పిల్లలు ఏమి తిన్నారు, వారం తర్వాత ఏమి అడిగారు? ఒక్క పూట గిన్నె చూసి అలవాటు గురించి తీర్పు చెప్పడం తొందరపాటు. పైగా అక్కడ గిన్నె పిల్లల ముందు పెట్టినది ఎవరు? పెద్దలే. నా ప్రశ్న అక్కడే ఉంది.

మైదానం

నేను పిల్లలకు పరుగు నేర్పుతాను, ఇరవై ఏళ్లుగా. కళ్లతో చూసినది చెబుతాను. పదేళ్ల పిల్లవాడు విరామంలో సీసా తెరిచే తీరు గమనించండి. మూత పళ్లతో లాగుతాడు, తల వెనక్కి విరుస్తాడు, కొంత నోట్లో పోసుకుని కొంత మెడ మీద ఒలకబోసుకుంటాడు, మణికట్టు పట్టీతో మూతి తుడుచుకుంటాడు. దాహం వేసినవాడు అలా తాగడు. అది ప్రకటనలో నేర్చుకున్న తీరు, ఒక్కొక్క కదలికతో సహా.

గంటసేపు సాధన చేసే పిల్లవాడికి నీళ్లు చాలు. ఆటగాళ్ల పానీయాలు మామూలు పిల్లలకు సాధారణంగా అక్కరలేదని, ఉత్తేజక పానీయాలకు (ఎనర్జీ డ్రింకులకు) పిల్లల ఆహారంలో చోటే లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2011లోనే చెప్పింది. పోయిన ఏడాది తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి ఈ మాటే చెప్పాను. మర్నాడు ఒక తండ్రి వచ్చి, "మీకు ఆ ఆటగాడి కంటే ఎక్కువ తెలుసా?" అని పిల్లల ముందే అడిగాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడు నా మాట వినడు.

కొసరు

ప్రకటనల్లో నటించడం వాళ్ల వృత్తి. చట్టం ఒప్పుకున్న వస్తువును అమ్మితే నేరం ఎలా అవుతుంది? ఆ వస్తువునే నిషేధించమని అడగండి.

వేపచెట్టు

మైదానం గారూ, ఆ తండ్రి అడిగిన ప్రశ్నే మా వాడూ అడిగాడు. మాటలే వేరు.

తులాభారం గారూ, మీరు ప్రతిసారీ సీసా ఎవరు తెచ్చారన్న దగ్గరికే వస్తున్నారు. బడిలో స్నేహితుడి సీసాలోంచి గుక్కెడు, పుట్టినరోజు విందులో గ్లాసెడు, ప్రయాణంలో పెదనాన్న కొనిపెట్టినది ఒకటి. వీటన్నిటికీ కాపలా కాయడం ఎవరి తరం?

ఉదయపు నడక

ఆయన అది తాగుతాడో లేదో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఇది చిన్న విషయం కాదు. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక శీతల పానీయం ప్రకటన అవకాశం వస్తే, ఆరోగ్యానికి మంచిది కాదని వద్దన్నారు. డబ్బు అవసరం లేక కాదు కదా. ఒక చిన్నారి, "మా టీచరు విషం అన్న పానీయాన్ని మీరెందుకు ప్రచారం చేస్తున్నారు?" అని అడిగితే తాను ఆ ప్రచారం మానేశానని అమితాబ్ బచ్చన్ 2014లో చెప్పారు. 2021లో యూరో ఫుట్‌బాల్ పోటీల విలేకరుల సమావేశంలో పోర్చుగల్ ఆటగాడు రొనాల్డో ముందున్న కోలా సీసాలు రెండూ పక్కకు జరిపి నీళ్ల సీసా ఎత్తి చూపాడు. వద్దనగలిగినవాళ్లు ఉన్నారు.

ఇంకో మాట. ఈ తారల చేతనే పళ్లు, కూరగాయల ప్రచారం చేయిస్తే సరిపోదా?

పాత అట్ట

సరిపోదు. నేనూ అది నమ్మినవాణ్నే. 2019లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన చూశాక ఆశ తగ్గింది. సామాజిక మాధ్యమాల్లో పేరున్నవాళ్ల చిత్రాలు 176 మంది పిల్లలకు చూపించారు. ఆ వ్యక్తి చేతిలో చిరుతిండి చూసిన పిల్లలు సగటున 448 కిలోకేలరీలు తిన్నారు. ఆహారమేదీ లేని చిత్రాలు చూసినవాళ్లు తిన్నది 357. అదే వ్యక్తి చేతిలో ఆరోగ్యకరమైన తిండి చూసిన పిల్లలు మాత్రం దాన్ని చెప్పుకోదగినంత ఎక్కువేమీ తినలేదు. తీపి వైపు లాగినంత తేలికగా ముఖం పండు వైపు లాగడం లేదు.

పైగా అలాంటి ప్రచారం ఎంత ఉంది కనుక? అమెరికాలో సంగీత తారలు 65 మంది ప్రచారం చేసిన వస్తువులను లెక్కగట్టి 2016లో ప్రచురించారు. 69 పానీయాల్లో 49 చక్కెర కలిపినవే.

తులాభారం గారికి ఒక మాట. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రకటన వెనుక అమ్మే ఉద్దేశం ఉందని గ్రహించే శక్తి ఉండదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2004లో చెప్పింది. వాళ్లకు అది తెలిసిన మనిషి చెప్పే మంచిమాట.

తులాభారం

ఈ పిల్లవాడికి తొమ్మిదేళ్లు. మీరు చెప్పిన వయసు ఎనిమిది లోపు. వాడికి అర్థమవుతుందన్నమాట.

పాత అట్ట

తొమ్మిదో పుట్టినరోజు నాడు తెల్లారేసరికి కళ్లు తెరుచుకుంటాయా? అమ్ముతున్నారని తెలిసినంత మాత్రాన కోరిక చస్తుందా? అది మనకు తెలియదా? మనం కొనడం లేదా?

తులాభారం

వయసు సంఖ్య తెచ్చినది మీరు. దాని ప్రకారమే జవాబిచ్చాను.

చిన్న అక్షరాలు

చట్టం మాట వచ్చింది కాబట్టి: కెనడాలోని క్యుబెక్‌లో పదమూడేళ్లలోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనల మీద 1980 నుంచి నిషేధం ఉంది. చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు మితిమీరిన సరుకుల మీద నల్లటి అష్టభుజి ముద్ర వేయాలి. అలాంటి పొట్లాల మీద పిల్లలను ఆకర్షించే కార్టూన్ బొమ్మలు ఉండకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో స్వచ్ఛంద హామీలతో సరిపెట్టకుండా తప్పనిసరి నిబంధనలు తెమ్మని సూచించింది. కార్టూన్ పులిని పొట్లం మీద నుంచి తీయించవచ్చు. కానీ తార తన సొంత ఫోనులో తన ఇంట్లో తీసుకున్న వీడియోలో, బల్ల మీద ఊరికే పెట్టినట్టున్న సీసాను ఎవరు పట్టుకుంటారు? నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

తులాభారం

అదే చెబుతున్నాను! ఏ చట్టమూ ప్రతి ఫోనులోకి చూడలేదు. ఇంట్లో మనిషి చూడగలడు. తల్లి గట్టిగా ఉంటే ఏ తారా ఏమీ చేయలేడు.

వేపచెట్టు

ఇంతసేపూ పెద్దలు అన్నారు. చివరికి తల్లి అన్నారు. నాకు తెలుసు, అక్కడికే వస్తారని.

దంతవైద్యుడు నన్నే అడిగాడు. బడిలో టీచరు నన్నే పిలిచింది. మా అత్తగారు పదిమందిలో నన్నే అన్నారు. వాళ్ల నాన్న ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా వాడితో కలిసి పాట పాడతారు, ఆయనను ఎవరూ అడగలేదు. ప్రకటన తయారుచేసినవాళ్లు ఎందరో, దానికి పోసిన డబ్బు ఎంతో, అందులో నవ్విన మనిషికి ఎంత ముట్టిందో. ఇవతల నేను ఒక్కదాన్ని, చెంచా, గ్లాసు. ఓడిపోతే తప్పు నాదా? ఒక్కసారైనా ఆ ప్రశ్న అటువైపు అడగండి.

మైదానం

తులాభారం గారూ, ఆ మాట మీరు వెనక్కి తీసుకోవాలి.

తులాభారం

తీసుకుంటున్నాను. తల్లి అనడం తప్పు. క్షమించండి.

నా ఇంట్లో తల్లి లేదు. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు పోయింది. ఇప్పుడు దానికి పదమూడు. తొమ్మిదేళ్లుగా ప్రతి దుకాణంలో, ప్రతి విందులో వద్దు అంటున్నది నేను ఒక్కణ్నే. పోయిన వారం అది స్నేహితురాలితో ఫోనులో, "మా నాన్నకు దేనికీ మనసు రాదు" అనడం విన్నాను. అది ఆరాధించే గాయని మాత్రం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, చేతిలో అదే డబ్బా. నేను చెడ్డవాణ్ని అయ్యాను, ఆవిడ మంచిది అయింది. అయినా వద్దనడం మానలేదు. ఎవరైనా ఇంట్లో ఆపడం కుదరదని చెబితే, ఈ తొమ్మిదేళ్లూ నేను చేసినదానికి అర్థం లేదని నాకు వినిపిస్తుంది. అందుకే ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను.

ఉదయపు నడక

తాగుతాడా లేదా అన్న నా ప్రశ్న ఇక వదిలేస్తున్నాను.

వేపచెట్టు

మీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను తులాభారం గారూ. నేనే తెచ్చాను.

పోయిన ఏడాది బడి పరుగుపందెంలో మా వాడు ఆఖరున వచ్చాడు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. నేను దుకాణానికి వెళ్లి అన్ని సీసాల్లోనూ దాన్నే ఎంచుకున్నాను. ఎందుకంటే ప్రకటనలో ఆ ఆటగాడు ఓడిపోయి కూర్చుంటాడు, అది తాగి లేస్తాడు. ఆ బొమ్మ వాడి తలలోనే కాదు, నా తలలోనూ ఉంది. నాకు ముప్పై ఆరేళ్లు. వాడు లేచి కూర్చుని తాగాడు, నవ్వాడు. ఆ నవ్వు కోసం మళ్లీ తెచ్చాను. అలా మొదలైంది.

మధ్యలో ఉన్న చెయ్యి గురించి మాట్లాడమన్నారు. ఆ చేతిని కూడా ప్రకటనే కదిలించింది. అందుకే చట్టం అడుగుతున్నాను.

మైదానం

ఆ పరుగుపందెం సంగతి చదివి చాలాసేపు ఊరుకున్నాను. ఆఖరున వచ్చిన పిల్లవాడి పక్కన కాసేపు కూర్చోవలసినది మా లాంటివాళ్లం. గెలిచినవాళ్ల చుట్టూ ఉంటాం.

తులాభారం

మీరు చట్టం కోసం విజ్ఞప్తి రాస్తే కింద నా సంతకం ఉంటుంది, ఈ మాట మారదు. కానీ మేమేమీ చేయలేము అన్న వాక్యం మాత్రం అందులో ఉండకూడదు.

వేపచెట్టు

ఆ వాక్యం నేను ఎక్కడా రాయలేదు. మొదటి నుంచి మళ్లీ చదవండి.

తులాభారం

చదివాను. "నా మాట చెల్లడం లేదు" అని రాశారు. నేను దాన్ని మేమేమీ చేయలేము అని చదువుకున్నాను.

వేపచెట్టు

చెల్లడం లేదనే రాశాను. ఈ రోజు సాయంత్రం కూడా చెల్లలేదు. రేపు మళ్లీ చెబుతాను.